ఆటకు పెద్ద ఎవరు?

2024 సెప్టెంబరు మాసములో అనంతపురము పట్టణమునకు అలవాటులేని సందడి వచ్చినది. ఆ యేటి దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలు ఆరింటిలో అయిదు ఇక్కడి రూరల్ డెవలప్‌మెంటు ట్రస్టువారి మైదానములలో జరిగినవి. మొదటి ఆట బెంగుళూరులోను, ఈ ఊరిలోను ఒకే దినమున ఆరంభమైనది. తరువాతి నాలుగు ఆటలును ఇక్కడనే ముగిసినవి. సగటున అయిదువందల యాభై మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ కరవుసీమలో, టెస్టు ఆటగాండ్రు పచ్చని గడ్డిమీద పరుగెత్తుట చూచుటకు నార్పల నుండి, శింగనమల నుండి, కళ్యాణదుర్గము వైపు నుండి జనము బస్సులలోను ఆటోలలోను వచ్చినారు.

నేనును ఒక మధ్యాహ్నము గట్టుమీద కూర్చుంటిని. ప్రక్కన డెబ్బది యేండ్లు దాటిన పెద్దాయన ఒకరు తలకు తువాలు చుట్టుకొని, శెనక్కాయల పొట్లము ఒడిలో పెట్టుకొని, ఆటను మిక్కిలి శ్రద్ధగా చూచుచున్నారు. కొంతసేపటికి నావైపు తిరిగి, "ఈ పిల్లోళ్లు యా జిల్లా తరపునప్పా?" అని అడిగినారు.

"ఏ జిల్లా తరఫునా కాదు పెద్దాయనా. ఏ, బి, సి, డి అని నాలుగు జట్లు చేసినారు."

"వీళ్లను ఏరిందెవురు?"

"బోర్డువాళ్లు."

"బోర్డువాళ్లను ఏరిందెవురు?"

"రాష్ట్ర సంఘాలవాళ్లు."

"వాళ్లను?"

"జిల్లాలవాళ్లు, క్లబ్బులవాళ్లు."

ఆయన ఒక శెనక్కాయ ఒలుచుకొని, "అయితే ఆడే పిల్లోళ్లకు మాత్రం ఎవుర్నీ ఏరే పని ల్యాదన్నమాట" అన్నారు. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఈ ప్రసంగము ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమే. అది కొంచెము పొడుగైనది కావున శ్రోతలు ఓపిక పట్టవలెను.

మన దేశములో జాతీయ క్రీడాసంఘములు పుట్టిన కాలము ఇరువదవ శతాబ్దపు మూడవ దశకము. హాకీ సమాఖ్య 1925లోను, ఒలింపిక్ సంఘము 1927లోను, క్రికెట్టు కంట్రోలు బోర్డు 1928లోను ఏర్పడినవి. వీనిని స్థాపించినవారు సంస్థానాధీశులు, ఆంగ్లేయ అధికారులు, టాటా వంటి పారిశ్రామికులు. ఆటకు డబ్బు కావలెను, డబ్బు వారియొద్దనే ఉన్నది. ఆటగాండ్రలో అధికులు బడిపంతుళ్లు, గుమాస్తాలు, సిపాయిలు. కావున ఆడువాడొకడు, ఆడించువాడొకడు అను విభజన పుట్టుకతోనే వచ్చినది. చట్టము దృష్టిలో ఈ సంఘములు స్వచ్ఛందమైన సొసైటీలు. నలుగురు మిత్రులు కలిసి నడుపుకొను పఠనాలయము వంటివి. తేడా యేమనగా, పఠనాలయములో చేరనివాడు మరియొక పఠనాలయమును పెట్టుకొనవచ్చును. దేశము పేరిట ఆడదలచినవానికి మాత్రము రెండవ ద్వారము లేదు. ఒక ఆటకు ఒకే జాతీయ సంఘము, దానికి ఒకే అంతర్జాతీయ సంఘము గుర్తింపు. ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకొన్నయెడల తరువాతి కథ అంతయు సులభముగా బోధపడును.

ఆ ద్వారమువద్ద జరిగిన మొదటి పెద్ద రగడలో ఇరువైపుల తెలుగు పేర్లే కనబడుట విచిత్రము. కఠారి కనకయ్య నాయుడుగారు నాగపురములో స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానములో భారతదేశపు తొలి టెస్టు జట్టును నడిపినవారు. నిజమునకు ఆ యాత్రకు నాయకుడుగా నియమితులైనది పోర్‌బందరు మహారాజు. తన ఆట ఎంతమాత్రమో తెలిసిన ఆయన టెస్టుకు తప్పుకొని నాయుడుగారికి పగ్గములు ఇచ్చినారు. అది మర్యాద. నాలుగేండ్ల తరువాత ఆ మర్యాద కనబడలేదు. 1936 యాత్రకు విజయనగరము మహారాజకుమార్, లోకమున 'విజ్జీ' అని పేరుపడినవారు, బోర్డువారి వోట్లతో నాయకులైనారు. దేశములో మిన్నయైన ఆటగాడు ఆయన క్రింద ఆడవలసివచ్చినది. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు ఆడి విజ్జీగారు చేసినవి 33 పరుగులు. మొదటి టెస్టు జరుగకమునుపే లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఓడ యెక్కించి ఇంటికి పంపినారు. నడుమ యుద్ధము వచ్చినది. అమరనాథ్ మరల టెస్టు ఆడునప్పటికి 1946వ సంవత్సరము.

దేశములో గగ్గోలు పుట్టినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణసంఘము కూర్చున్నది. 1937 జనవరిలో దాని నివేదిక వెలువడినది. అమరనాథ్ నిర్దోషి అనియు, మహారాజకుమార్ నాయకత్వము లోపభూయిష్టమనియు దాని సారాంశము. ఒక క్రీడాసంఘపు లోగుట్టును న్యాయమూర్తి తెరచి చూచుట ఆనాడు కొత్త. తరువాత అది అలవాటైనది.

విజ్జీగారిని కేవలము పరిహాసపాత్రునిగా చిత్రించుట న్యాయము కాదు. 1930-31లో ఇంగ్లండు జట్టు రాక ఆగిపోయినపుడు తన ఖర్చుతో జట్టును కూర్చి, హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఉద్దండులను ఈ దేశపు మైదానములకు రప్పించినది ఆయనయే. 1954 నుండి 1956 వరకు బోర్డు అధ్యక్షులుగా ఉన్నారు. అరువదియొకటవ యేట నాయుడుగారిని ఉత్తరప్రదేశ్ పక్షమున రంజీ ఆడుటకు పిలిపించినదియు ఆయనయే. సొంత డబ్బు పెట్టినవాడు సొంత మాట చెల్లించుకొనును. పోషకుల యుగపు ధర్మమది. ఆ యుగము గడచిన పిదప డబ్బు ప్రజలదైనది. టిక్కెట్టు కొన్నవారిది, ప్రభుత్వ ఖజానాది, పిమ్మట టెలివిజను ప్రకటనలది. మాట మాత్రము పూర్వమువలెనే కొద్దిమంది చేతిలో నిలిచిపోయినది. అసలు చిక్కు ఇక్కడనే యున్నది.

1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆంధ్ర క్రికెట్టు సంఘము కూడ ఆ యేటిదే. ఆ తొలి రంజీ సంవత్సరములో ఆంధ్రజట్టు పక్షమున బరిలో దిగినవారిలో నాయుడుగారు ఉన్నారు. అప్పటికి ఆయనకు ఏబదియెనిమిదేండ్లు. కొత్త రాష్ట్రమునకు అదియొక శుభశకునముగా పెద్దలు భావించియుందురు. కాని క్రొత్త సంఘములకు కావలసినది శకునము కన్న పద్ధతి. దానికి మేలైన ఉదాహరణము హైదరాబాదులో కలదు.

సయ్యద్ అబ్దుల్ రహీంగారు ఉస్మానియా పట్టభద్రులు, ఉపాధ్యాయులు. జనులు ఆయనను భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకులుగానే ఎరుగుదురు. 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణములు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము ఆయన హయాములోనివే. ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి కూడ అనుట తరచుగా మరచిపోదుము. బంతిని వెంట త్రిప్పుకొనక ఆడవలసిన పోటీలు, అలవాటు లేని కాలితోనే కొట్టవలసిన పోటీలు ఆయన పెట్టించినారు. శిక్షకుడు మైదానములో చెప్పు పాఠమును కార్యదర్శి పోటీల పట్టికలోనికి ఎక్కించినాడన్నమాట. హైదరాబాదు పోలీసుజట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుట గాలివాటున జరిగినది కాదు. కమిటీలు, ఉపకమిటీలు, తీర్మానములు అని మనము విసుగుకొందుము గాని, ఏ నెలలో ఏ పోటీ, ఏ వయస్సు పిల్లలకు ఎన్ని ఆటలు అను పట్టికయే క్రీడాపరిపాలనకు ప్రాణము. తక్కినదంతయు కుర్చీల వ్యవహారము.

రహీంగారు 1963 జూన్ 11న కన్నుమూసినారు. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మరల మనకు రాలేదు. దీనికి కారణములు అనేకములు. నాకు తోచునది ఒకటి చెప్పెదను. ఆయన పద్ధతి ఆయన తలలో ఉన్నది, సంఘపు నిబంధనావళిలో లేదు. మనిషి పోగానే పద్ధతియు పోయినది.

ప్రభుత్వము ఈ విషయమై ఊరకుండలేదు. 1954లో అఖిలభారత క్రీడామండలి, 1961లో పటియాలా శిక్షణాలయము, 1984లో క్రీడాప్రాధికార సంస్థ వచ్చినవి. 1975లో ఒక ఉత్తరువు జారీయైనది. సంఘముల పెద్దలు నాలుగేండ్ల పదవిని వరుసగా రెండుసార్లకు మించి అనుభవించరాదని దాని తాత్పర్యము. ఉత్తరువు మంచిదే. అయితే పిల్లి మెడలో గంట కట్టువారేరి? పెక్కు సంఘములలో పెద్దలు మంత్రులో, పార్లమెంటు సభ్యులో, వారి బంధువులో. ముప్పదియైదేండ్లు ఆ కాగితము దాదాపు నిద్రించినది. 2010లో దానిని మేలుకొలిపినారు, 2011లో జాతీయ క్రీడావికాస నియమావళి వచ్చినది. ఒలింపిక్ సంఘము న్యాయస్థానమున దానిని ఎదిరించినది. 2014 మే మాసములో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము నియమావళి చెల్లునని తీర్పు చెప్పినది.

ఈ తగవులలో నలిగినది ఎవరు? 2012 డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మన సంఘమును బహిష్కరించినది. ఎన్నికల తీరు, ఎన్నికైనవారిపై నేరారోపణలు, ప్రభుత్వ జోక్యము అన్నియు కలిసి వచ్చిన ఫలము. 2014 ఫిబ్రవరిలో రష్యాలోని సోచి శీతల ఒలింపిక్సు ఆరంభోత్సవమున మన క్రీడాకారులు ముగ్గురు జాతీయపతాకము లేకుండ, ఒలింపిక్ పతాకము వెనుక నడిచినారు. ఆ క్రీడలు జరుగుచుండగానే బహిష్కారము తొలగినది గాని, నడచిన నడకను వెనుకకు తీసుకొనలేము గదా. 2022 ఆగస్టులో ఫుట్‌బాల్ సమాఖ్యకు అదే గతి పట్టినది. అంతర్జాతీయ సమాఖ్య పదునొకండు దినములు మనలను వెలివేసినది. గోకులం కేరళ మహిళాజట్టు అప్పటికే ఆసియా క్లబ్బుల పోటీకై తాష్కెంటు చేరియున్నది. అయినను వారిని ఆడనీయలేదు. ఆ బాలికలలో ఒక్కరికైనను సమాఖ్య ఎన్నికలలో వోటు లేదు. 2023 జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద మల్లయుద్ధ క్రీడాకారిణులు తమ సమాఖ్య పెద్దలపై లైంగిక వేధింపుల ఆరోపణలతో బైఠాయించినపుడు దేశమంతయు అడిగిన ప్రశ్న ఒకటే: వీరు తమ మొర ఎవరితో చెప్పుకొనవలెను? చెప్పుకొనుటకు సంఘములో ఒక గది, ఒక బల్ల, ఒక మనిషి కూడ లేకపోయిరి.

ఇక క్రికెట్టు సంగతి. అక్కడ డబ్బు విస్తారము కనుక వ్యాజ్యము కూడ విస్తారమైనది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు, బోర్డు ప్రైవేటు సొసైటీయే అయినను అది చేయునది ప్రజాకార్యమని తేల్చినది. జస్టిస్ లోధా అధ్యక్షతన కమిటీని నియమించినది. 2016 జనవరిలో వచ్చిన ఆ కమిటీ నివేదికను బోమాంట్ నివేదిక ప్రక్కన పెట్టి చూచిన ఒక తేడా స్పష్టమగును. బోమాంట్ ఒక మనిషి తప్పును విచారించినాడు. లోధా కమిటీ ఇంటి కట్టడమునే విచారించినది. రాష్ట్రమునకు ఒకే వోటు, డెబ్బది యేండ్ల వయఃపరిమితి, పదవికి పదవికి నడుమ విరామము, మంత్రులకు స్థానము లేకుండుట, ఆటగాండ్ర సంఘమునకు ప్రాతినిధ్యము దాని ముఖ్యాంశములు. 2016 జూలైలో న్యాయస్థానము వీనిలో అధికభాగమును అంగీకరించినది. 2017లో పాత పెద్దలను తొలగించి పరిపాలకసంఘమును కూర్చుండబెట్టినది. 2018లో సవరణలతో క్రొత్త నిబంధనావళిని ఆమోదించినది. 2022 సెప్టెంబరులో విరామనియమమును సడలించినది. రాష్ట్రములో ఆరేండ్లు, బోర్డులో ఆరేండ్లు, మొత్తము పండ్రెండేండ్లు ఎడతెగక ఉండవచ్చునన్నది. వదులు చేసిన ముడి మరికొంత వదులగుట సహజము. ఈ సడలింపును నేను హర్షింపలేదు.

ఈ ఘట్టములో తెలుగువారు మరల ప్రవేశించినారు, ఈ తడవ న్యాయమూర్తుల వేషములో. జస్టిస్ లావు నాగేశ్వరరావుగారు యౌవనమున ఆంధ్రజట్టు పక్షమున రంజీ ఆడినవారు. 2022లో సుప్రీంకోర్టు నుండి విరమించిన కొద్దినెలలకే ఒలింపిక్ సంఘపు నిబంధనావళిని సవరించు భారము ఆయనపై పడినది. ఆ సవరించిన నిబంధనల క్రింద 2022 డిసెంబరు 10న పి.టి. ఉష అధ్యక్షురాలైనారు. ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ ఆమెయే. (దాని తరువాత ముఖ్య కార్యనిర్వహణాధికారి నియామకముపై ఆ సంఘపు కార్యవర్గములో ఏడాదికి మించి తగవు నడచినది. నిబంధనావళి మారిన క్షణమున మనుష్యులు మారరు.) 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనావళిని తీర్చిదిద్దు పనియు ఆయనకే అప్పగించినారు. దానిని 2025 సెప్టెంబరు 19న ఆమోదించిన ధర్మాసనమునకు పెద్ద జస్టిస్ పి.ఎస్. నరసింహగారు. ఆయనయు తెలుగువారే. న్యాయవాదిగా ఉన్నపుడు క్రికెట్టు వ్యాజ్యములో న్యాయస్థానమునకు సహాయకులుగా పనిచేసి, రాష్ట్రసంఘముల చిక్కులు విప్పినవారు.

నాగేశ్వరరావుగారి కార్యములలో మన శ్రోతలకు మిక్కిలి బోధకమైనది ఢిల్లీలోనిది కాదు, హైదరాబాదులోనిది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు క్రికెట్టు సంఘమును చక్కబెట్టుటకు ఆయనను ఏకసభ్యసంఘముగా నియమించినారు. ఆ సంఘములో వోటు క్లబ్బులది. లెక్క తీయగా కొందరు వ్యక్తులు, వారి కుటుంబములు ఒకటికి మించిన క్లబ్బులను గుప్పిట పెట్టుకొన్నట్లు బయటపడినది. 2023 జూలై చివర 57 క్లబ్బులను ఆ కారణమున వోటుహక్కునకు దూరము చేసినారు. ఎన్నికలు అక్టోబరులో జరిగినవి. యాబదియేడు క్లబ్బులు! బయట చూచువారికి అది యాబదియేడు జట్ల సందడి. లోపల చూచువారికి అవి కొన్ని యిండ్ల వోట్లు.

ఇది ఎట్లు జరుగునో అనంతపురమువారికి వివరింపనక్కరలేదు. మనకు చెరువులు తెలియును. పట్టణము ప్రక్కనున్న బుక్కరాయసముద్రము చెరువు విజయనగరపు బుక్కరాయల కాలమునాటిది. చెరువు నిండినంత మాత్రమున చివరి మడి తడవదు. తూము ఎవరు తెరచుచున్నారు, ఎంతసేపు తెరచుచున్నారు అనుటపై అంతయు ఆధారపడియుండును. అందుకే పూర్వులు నీరుగంటి అను ప్రత్యేకపు మనిషిని పెట్టినారు. వానికి కట్ట పొడవునా తిరుగుట, వంతుల ప్రకారము నీరు వదలుట పని. తూము ప్రక్కన పొలమున్న ఆసామియే నీరుగంటియైన యెడల చివరి ఆయకట్టు ఎండిపోవుటకు కరవు రానక్కరలేదు. క్రీడాసంఘములలో ఇన్నాళ్లు జరిగినది అదియే. వోటు వేయువాడు, వోటు అడుగువాడు, డబ్బు పంచువాడు, లెక్క చూచువాడు ఒక్కడే.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడాపరిపాలన చట్టమును చేసినది. ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదము లభించినది. సంఘములకు గుర్తింపునిచ్చుటకు ఒక జాతీయ క్రీడామండలి, తగవులు తీర్చుటకు ట్రిబ్యునలు, ఎన్నికలు నడుపుటకు ప్రత్యేక అధికారుల పట్టిక ఆ చట్టములో ఉన్నవి. కార్యవర్గములో పదునైదుగురికి మించరాదు. అందులో కనీసము ఇద్దరు ఉత్తమ క్రీడాకారులు, నలుగురు స్త్రీలు ఉండితీరవలెను. క్రీడాకారుల కమిటీ, ఫిర్యాదులు వినుటకు ఏర్పాటు, స్త్రీలకును పిల్లలకును రక్షణ కల్పించు నియమములు ప్రతి సంఘమును చేసుకొనవలెను. పెద్దాయన ప్రశ్నకు ఇది ఒకపాటి సమాధానము. ఆడినవారిలో ఇద్దరికైనను ఇప్పుడు పెద్దల వరుసలో పీట పడినది. పదునైదింటిలో రెండు. అది ఆరంభమే గాని అధికము కాదు.

చట్టములో నాకు నచ్చని సంగతి ఒకటి కలదు. సమాచారహక్కు చట్టము ప్రభుత్వధనము స్వీకరించు సంఘములకు మాత్రమే వర్తించునట్లు దానిని మలచినారు. తత్ఫలితముగా, సర్కారు నుండి నిధులు తీసుకొనని సంపన్నమైన క్రికెట్టు బోర్డు ఆ వెలుగు పడని చోటనే నిలిచినది. జాతీయపతాకము, జాతీయనామము వాడుకొనుటయు ఒక విధమైన ప్రభుత్వ నిధియే గదా అని వాదించువారు ఉన్నారు. నేనును వారిలో ఒకడను.

వెలుగు అనగా జ్ఞాపకము వచ్చినది. నార్పల మండలములో బండ్లపల్లి అను గ్రామమున్నది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధిహామీ పథకమును నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్‌గారు దేశమునకంతకు ఈ పల్లె నుండియే ప్రారంభించినారు. ఆ యేటనే అనంతపురము జిల్లాలో సామాజిక తనిఖీ పెద్ద యెత్తున జరిగినది. అది యేమనగా, మస్టరు రోలును గ్రామసభలో అందరియెదుట బిగ్గరగా చదువుట. ఫలానావాడు ఇన్ని దినములు మట్టి తవ్వినాడు, ఇంత కూలి తీసుకొన్నాడు అని పేరు చదువగానే, ఆ మనిషి అక్కడనే కూర్చుండి యుండును. తవ్వలేదనును, లేదా డబ్బు అందలేదనును. ఇటువంటి సభలలో ఒక్కొక్కచోట చనిపోయినవారి పేరిట కూలి వ్రాసిన సంగతులు బయటపడినవి. చదువురాని కూలివాడు అధికారిని లెక్క అడుగుట, అధికారి నిలబడి బదులు చెప్పుట కరవుసీమ చూచినది. పెద్ద పెద్ద సలహాదారులను పిలిచి, ఆధునిక నిర్వహణ అనుచు బొమ్మలు గీయించుకొను క్రీడాసమాఖ్యలు ఈ మస్టరు చదువుటను మాత్రము ఇంకను నేర్వలేదు. ఆడని జట్ల పేరిట వోటు వ్రాసిన క్లబ్బునకును, చనిపోయినవాని పేరిట కూలి వ్రాసిన మస్టరునకును భేదమేమి?

బండ్లపల్లి పేరు ఎత్తుటకు మరియొక కారణము కలదు. బారెడ్డి అనూష అను ఎడమచేతి స్పిన్ బౌలరుది ఆ ఊరే. 2023 జూలై 9న బంగ్లాదేశ్‌లోని మీర్పూరులో ఆమె భారత మహిళల జట్టు పక్షమున తొలి ఆట ఆడినది. ఆ సెప్టెంబరులో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టు పట్టికలోను ఆమె పేరు ఉన్నది. ఆట నేర్చినది అనంతపురములో, ట్రస్టువారి మైదానములలో.

ఆ మైదానము ఏ సమాఖ్యయు కట్టినది కాదు. విన్సెంట్ ఫెర్రర్ అను స్పెయిన్ దేశస్థుడు 1969లో అనంతపురము చేరి, అన్నె ఫెర్రర్ గారితో కలసి బావులు, బడులు, ఆసుపత్రులు, ఇండ్లు అనుచు మొదలుపెట్టిన పని కాలక్రమమున ఆటస్థలముల వరకు వచ్చినది. ఆయన 2009లో గతించినారు. మరుసటి యేడు రఫాయెల్ నాదాల్ స్వయముగా వచ్చి ఇక్కడ టెన్నిసు పాఠశాలను ప్రారంభించినాడు. క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాల్ అన్నిటికిని పల్లెపిల్లలు వచ్చినారు. అయినను ఒక మాట మరువరాదు. ట్రస్టు మైదానము నేర్పగలదు గాని దేశమునకు పంపలేదు. అనూష అయినను, ఆమె వెనుక రాబోవు మరియొక పిల్లయైనను జిల్లాసంఘము, రాష్ట్రసంఘము, బోర్డు అను మూడు గుమ్మములు దాటియే పోవలెను. మహిళల క్రికెట్టుకు 1973 నుండి వేరు సంఘముండెడిది. 2006లో అది బోర్డులో కలిసిపోయినది. అప్పటి నుండి బాలికలకును ఆ గుమ్మములే గతి. ఆ గుమ్మములలో ఏదియొకటి మూసికొన్నయెడల, ఏ తోటయందు ఎంత నీరు పోసినను పండు సంతకు చేరదు.

అందుకే జిల్లాసంఘపు వార్షికసభ నాకు ఢిల్లీ చట్టము కన్న తక్కువదిగా కనబడదు. ఆ సభకు నోటీసు ఎన్నాళ్లు ముందుగా వచ్చినది, ఎవరికి వచ్చినది, ఎంపిక పోటీలకు పిలిచిన పిల్లల జాబితా గోడమీద అతికించినారా, ఎంపికచేసినవారి పేర్లు దానిక్రింద ఉన్నవా, ప్రయాణపు బత్తెము పిల్లలచేతికి అందినదా? ఇవి చిన్న ప్రశ్నలు. సుప్రీంకోర్టు ఇంత దూరము దిగి వచ్చి వీనిని అడుగలేదు. అడుగవలసినది పిల్లల తల్లిదండ్రులు. వారికి ఆ సభకు పోవు హక్కు నేటికిని లేదు.

ఆనాడు గట్టుమీద ఈ కథలో సగమైనను పెద్దాయనకు చెప్పవలెనని నేను విజ్జీగారితో మొదలుపెట్టితిని. ఆయన కొంతసేపు విని, "రాజుగారు ముప్పైమూడు పరుగులేనా?" అని నవ్వినారు. అంతలో టీ విరామమైనది. నార్పల బస్సునకు వేళయైనదని తువాలు దులుపుకొని లేచినారు. "మళ్లీ వస్తా, ఆట ఇంగా మూడు దినాలుండాది గదా" అన్నారు. మనుమరాలు కూడ ఆడునట, మరునాడు ఆ పిల్లను వెంటబెట్టుకొని వచ్చెదనని పోవుచు పోవుచు చెప్పినారు.